అక్షరము అందరిది

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున దాని గతమును కొనియాడుట మర్యాద. లెక్క చూచుకొనుట అంతకంటె మేలు. కొన్న పుస్తకములు జమ పద్దున చేరును. చదువరుల ఇండ్లకు పోయి వచ్చినవి ఖర్చు పద్దున చేరును. ఈ రెండును వ్రాసిన పిదప బాకీల పుట యొకటి మిగులును. ఊరిలో నుండియు, చదువవలెనను కోరిక యుండియు, ఈ బీరువాలలోని ఒక్క పుటనైనను చదువుకొనజాలని వారి పేర్లు ఆ పుటలో నుండును. వారిలో చూపులేనివారు కలరు, వినికిడి లేనివారు కలరు, మెట్లెక్కలేనివారును పుస్తకము చేత బట్టలేనివారును కలరు. ఆ బాకీని గూర్చియే నేటి ప్రసంగము.

ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్రలో 1914వ సంవత్సరము ఏప్రిలు 10వ తేది చిరస్మరణీయము. ఆనాడు అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో గ్రంథాలయముల వారి తొలి మహాసభ జరిగెను. ఆ సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. 'గయోపాఖ్యానము' నాటకమును, 'గణపతి' నవలను ఎరుగని తెలుగువారు అరుదు. ఆ మహనీయుని చిన్నతనముననే రేచీకటి బాధించెను. క్రమముగా చూపు మందగించి తుదకు పూర్తిగా పోయెను. అయినను ఇతరులు చదువగా విని, తాము చెప్పగా ఇతరులు వ్రాయగా, వారు జీవితాంతము సాహిత్యసేవ చేసిరి. పుస్తకమును కంటితో చదువుకొనుట దుర్లభమైన యొక పెద్దను ఆంధ్రుల గ్రంథాలయోద్యమము తొలిసభకే అధ్యక్షునిగా కూర్చుండబెట్టినది. ఇది మరువదగిన సంగతి కాదు.

చిలకమర్తివారికి చదివి వినిపించువారును, చెప్పినది వ్రాసిపెట్టువారును లభించిరి. అట్టి చేదోడు అందరికిని లభించునా? ఇదియే ప్రశ్న.

భారతము నెరిగినవారికి ఇచ్చట ధృతరాష్ట్రుడు జ్ఞప్తికి వచ్చును. యుద్ధము చూచుటకు కన్నులిచ్చెదనని వ్యాసమహర్షి పలికినను, బంధువధను చూడనొల్లక, జరిగినది వినుటకే ఆ రాజు కోరెను. అంతట వ్యాసుడు సంజయునకు దివ్యదృష్టి నొసగెను. సంజయుని సేవయందు గమనింపదగినవి మూడు కలవు. మొదటిది సత్యము. రాజునకు రుచించినను రుచింపకున్నను అతడు చూచినదే చెప్పెను. రెండవది సందర్భము. రాజు అడిగినపుడు అడిగినదానికి బదులు చెప్పెను. మూడవది స్వాతంత్ర్యము. విన్నదానిపై తలపోత రాజునకే విడిచెను. చూపులేనివారికి మనుష్యుడు సహాయము చేసినను, యంత్రము సహాయము చేసినను, ఈ మూడు లక్షణములును ఉండవలయును. అయితే ద్వాపరమున సంజయుడు రాజునకు మాత్రమే దొరకెను. ప్రతి సామాన్యునకును ఒక సంజయుని సమకూర్చుట ఈ కాలమున సాధ్యమైనది.

అక్షరము కంటి సొత్తే యను భావము సరికాదు. జంపనికి చేరువనే భట్టిప్రోలు కలదు. అచ్చటి బౌద్ధ స్తూపమున 1892లో అలెగ్జాండరు రే త్రవ్వించి తీసిన రాతి కరండములపై క్రీస్తునకు పూర్వపు బ్రాహ్మీ అక్షరములు చెక్కబడియున్నవి. వానిలో కొన్ని అక్షరములు ఇతర స్థలములలోని బ్రాహ్మీకంటె భిన్నముగా నున్నవని లిపివేత్తలు గుర్తించిరి. కాలమునుబట్టియు దేశమునుబట్టియు అక్షరము రూపు మార్చుకొనునని దీనివలన తెలియుచున్నది. రాతిపై చెక్కిన అక్షరము కంటికే గాక వ్రేలికిని తెలియును. తాటాకుపై గంటముతో గీచిన అక్షరము మసి పూయకముందు కంటికి స్పష్టముగా నగపడదు. వ్రేలికి మాత్రము గరుకుగా తగులును.

ఆ వ్రేలి చదువునకే ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిలీ ఒక లిపిని కల్పించెను. అతడు 1809లో జన్మించెను. తండ్రి తోలుపనివాడు. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిముట్టు కంట గ్రుచ్చుకొనుటచే క్రమముగా రెండు కన్నులును పోయినవి. అట్టి బాలుడే పెరిగి, ఆరు చుక్కల అమరికతో 63 గుర్తులు కల లిపిని సిద్ధపరచి, 1829లో ప్రకటించెను. కంటిని పోగొట్టినదియు తోలును గ్రుచ్చు మొనయే; చుక్కలు పొడిచి చదువు నిచ్చినదియు మొనయే. భారతీయ భాషల కన్నిటికిని పొందికగా నుండునట్లు ఈ లిపి 1951లో 'భారతి బ్రెయిలీ'గా రూపొందెను. తెలుగు 'క'కును హిందీ 'క'కును ఇందు చుక్కలొక్కటే.

చదువరి యున్నచోటికి, చదువరికి తగిన రూపమున, పుస్తకమే పోవలెననుట మన ప్రాంతమునకు క్రొత్త మాట కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి ప్రాంతమున కృష్ణా కాలువపై పడవలో పుస్తకములుంచి, ప్రయాణికులకును గట్టున నున్న గ్రామములకును చదువు నందించిరి. "గ్రంథాలయము మా ఊరిలో లేదు" అన్నవానిని వారు నిందింపలేదు, పడవ కట్టిరి. దారి లేనిది చదువరి తప్పు కాదు, దారి వేయనివారి తప్పు. వికలాంగుల విషయమున నేడు చెప్పవలసిన మాటయు ఇదియే.

ఇపుడు కాలము మారినది. కచేరీ, బ్యాంకు, బడి, బజారు సమస్తమును అరచేతిలోని తెరలోనికి చేరినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా 161 సేవలతో 'మన మిత్ర'ను ప్రారంభించెను. ధ్రువపత్రమునకై కచేరీ మెట్లెక్కలేని వానికి ఇట్టి ఏర్పాటు కాళ్లవంటిది. చూపులేనివారికి సైతము ఫోను పనికివచ్చును. ఆండ్రాయిడు ఫోనులో టాక్‌బ్యాక్ అనియు, ఐఫోనులో వాయిస్‌ఓవర్ అనియు ఒక సాధనము కలదు. తెరపై వ్రేలు జరుపుచుండగా వ్రేలిక్రింద నున్న అక్షరములను, మీటల పేర్లను అది పైకి చదువును. రెండుమార్లు తట్టిన ఆ మీట పనిచేయును. దీనిని విడిగా కొనవలసిన పని లేదు. కంప్యూటరునకు ఎన్‌వీడీఏ అను సాధనము కలదు. దానిని ఆస్ట్రేలియాలో చూపులేని యువకులిద్దరు 2006లో ఆరంభించి, ఉచితముగా లోకమున కిచ్చిరి. అది తెలుగును కూడ చదువును. ఇవియే ఈ కాలపు సంజయులు.

అయితే యుద్ధభూమికిని సంజయునకును నడుమ ఎవరైనను తెర కట్టినచో అతడేమి చెప్పగలడు? నేడు పలుచోట్ల జరుగుచున్నది అదియే. మీటపై బొమ్మ మాత్రముంచి దానికి పేరు పెట్టరు. ఫోను "మీట, మీట" అనును గాని, అది దేనికో చెప్పజాలదు. ప్రభుత్వపు ఉత్తరువును కాగితముగా అచ్చువేసి, ఫోటో తీసి పంపుదురు. కంటికది ఉత్తరువే, ఫోనునకు వట్టి బొమ్మ. వంకరటింకర అక్షరములను చూపి, వానిని చూచి వ్రాసినగాని తలుపు తీయమందురు. బ్యాంకు ఖాతాకై "కెమెరా ముందు కన్ను లార్పుము" అందురు. కన్నే లేనివాడు, ఆమ్లపు దాడిలో కనురెప్పలు కాలిపోయిన స్త్రీ ఏమి ఆర్పవలెను? రహస్య సంఖ్య పంపి, కొద్ది క్షణములలో వ్రాయకున్న చెల్లదందురు. చేతులు వణకువారికి ఆ వ్యవధి చాలదు. ఫిర్యాదు చేయుటకు ఫోనులో మాటలాడుట తప్ప వేరు మార్గముంచరు. చెవి వినబడనివాడు ఎవరితో మొరపెట్టుకొనవలెను?

తెలుగున కొక ప్రత్యేకమైన చిక్కు కలదు. ముద్రణాలయములలో చిరకాలముగా వాడుచున్న కొన్ని తెలుగు అక్షరముల మూసలు తెరపై తెలుగువలె కనబడును గాని, యంత్రము లోపల అవి తెలుగు కావు. వేరు లిపుల సంకేతములకు తొడిగిన తెలుగు వేషములు. కంటికి వేషము చాలును. చదువు సాధనమునకు లోపలి మనిషి కావలెను. అందుచే అట్టి ప్రతిని అది చదువబోయిన అర్థములేని కూతలు వినబడును. యూనికోడు అను సార్వత్రిక సంకేతములలో తెలుగు అక్షరములు 1991 నుండియు కలవు. ఆ సంకేతములతో కూర్చిన తెలుగును ఏ సాధనమైనను చదువగలదు. కూర్పరి మొదటనే ఆ దారి పట్టిన అదనపు ఖర్చు లేదు. పిదప దిద్దవలెనన్నచో పుస్తకమంతయు మరల కూర్చవలెను.

ఇది సౌకర్యమును గూర్చిన మాట మాత్రమేనా? కాదు. గ్రామములలో దస్తావేజుల సంగతి తెలిసినవారు ఒక పాత కథ నెరుగుదురు. చదువురాని రైతునకు మరియొకడు కాగితము చదివి వినిపించును. "తాకట్టు" అని చదివినచోట "విక్రయము" అని యుండవచ్చును. రైతు నమ్మి వ్రేలిముద్ర వేయును. కొన్నేండ్లకు పొలము పోయినదని తెలియును. ఆ రైతునకు లోపించినది తెలివి కాదు. తన కాగితమును తాను చదువుకొను శక్తి. చదువురానివారికి గ్రంథాలయములును వయోజనుల బడులును ఆ భయమును చాలవరకు తొలగించినవి. నేడు అదే భయము క్రొత్త వేషమున వచ్చినది. చూపులేనివాడు తన ఫోను తాను నడుపుకొనలేనిచో, బ్యాంకు రహస్య సంఖ్యను ఇంకొకరి చెవిన వేయవలెను. అతడు మంచివాడైన మేలే. కాకున్న పింఛను సొమ్ము మాయమగును, అడుగుటకు సాక్ష్యముండదు. మంచివాడే యైనను, ప్రతి పైసకును, ప్రతి ఉత్తరమునకును పరుని కన్నులు అరువు తెచ్చుకొనుట పెద్దవానిని జీవితాంతము బాలునిగా నుంచుటయే. సంజయుని మూడవ లక్షణమైన స్వాతంత్ర్యము ఇచ్చటనే అవసరము.

ప్రాణముతో ముడిపడిన సందర్భములును కలవు. ఇది సముద్రతీరమునకు దూరము కాని ప్రాంతము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను పెద్దలు మరువలేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. హెచ్చరికను టముకు వేయించియు మైకులో చాటియు తెలిపిన, చెవులు వినబడని వానికి అది చేరదు. ఫోనునకు అక్షరములుగా మాత్రమే పంపిన, చదివించుకొను సాధనము నెరుగని అంధునకు అది చేరదు. మాట, అక్షరము, సంజ్ఞ, మూడు త్రోవలను పంపిన హెచ్చరికయే ఊరందరికి చేసిన హెచ్చరిక యగును. వినికిడి లేనివారి భాష చేతులతో పలుకు భాష. దాని అధ్యయనమునకు కేంద్రప్రభుత్వము 2015లో ఢిల్లీ యందు ఒక సంస్థను స్థాపించెను. ఆ సంస్థ 2018లో 3,000 పదములతో భారతీయ సంజ్ఞాభాషా నిఘంటువును వెలువరించి, 2021 నాటికి దానిని 10,000 పదములకు పెంచినది.

"ఊరిలో అట్టివారెందరు? నలుగురైదుగురికై ఇంత శ్రమ యేల?" అని కొందరడుగవచ్చును. 2011 జనాభా లెక్కలలో వికలాంగులుగా నమోదైనవారు దేశమున 2 కోట్ల 68 లక్షలు. అందు చూపు లోపము కలవారు 50 లక్షలు, వినికిడి లోపము కలవారు 50 లక్షలకు పైబడి కలరు. అదియు నటుంచి, ఈ సభలో అరువది దాటిన వారిలో కండ్లజోడు లేక చిన్న అక్షరము చదువగలవారెందరు? వార్ధక్యము అందరి ఇంటికిని వచ్చు అతిథి. నేడు అంధునికై పెట్టిన సాధనము రేపు కన్ను మసకబారిన పెద్దలకు పనికివచ్చును. చక్రపు కుర్చీకై వేసిన వాలుబాట బిడ్డ నెత్తుకొన్న తల్లికిని, కర్ర పట్టిన తాతకును ఉపకరించును.

ఇక చట్టము. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తించినది. దాని స్థానమున వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19 నుండి అమలునకు వచ్చి, 21 విధములను గుర్తించినది. ఆ చట్టపు 42వ సెక్షను ప్రకారము ముద్రణ, ధ్వని, ఎలక్ట్రానిక్ మాధ్యమములలోని సమాచారమంతయు వికలాంగులకు అందుబాటులో నుండునట్లు ప్రభుత్వములు చూడవలెను. ఇది దయాధర్మముగా చెప్పిన మాట కాదు, విధిగా చెప్పిన మాట. అయితే 2017 నాటి నియమావళిలోని 15వ నియమము ఆ ప్రమాణములను వట్టి సూచనలవలె నుంచినదనియు, చట్టము తప్పనిసరి చేసినదానిని నియమము ఐచ్ఛికము చేయరాదనియు సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పెను. తప్పనిసరి నియమములను మూడు నెలలలో రూపొందింపుమని ఆదేశించెను. ఆ వ్యవహారమున కోర్టు కోరగా పరిశీలించి నివేదిక సమర్పించినది మన హైదరాబాదు నందలి నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రము. ఇది తెలుగువారు గర్వింపదగిన విషయము. పిదప 2025 ఏప్రిలు 30న అదే న్యాయస్థానము, కన్ను లార్పుమను ఖాతా పరీక్షను గూర్చిన వ్యాజ్యములలో 20 ఆదేశముల నిచ్చి, డిజిటల్ సేవలను పొందుట రాజ్యాంగపు 21వ అధికరణమున చెప్పబడిన జీవించు హక్కులో అంతర్భాగమని ప్రకటించెను.

చట్టమున్నను అడుగువారుండవలెను. అడగనిదే అమ్మయినను పెట్టదని సామెత. మచిలీపట్టణ ప్రాంతమున సీతారామపురమున రైతు కుటుంబమున పుట్టిన బొల్లా శ్రీకాంత్ జన్మాంధుడు. పదవ తరగతి ముగించి, సైన్సు చదువుదునని కోరగా, అంధులకు ఆ చదువు లేదనిరి. అతడు న్యాయస్థానమునకు పోయి అనుమతి సాధించెను. పాఠ్యపుస్తకములను ధ్వనిగా మార్పించుకొని, విని, చదివి, పరీక్షలో అగ్రశ్రేణిని నిలిచెను. పిదప అమెరికాలోని ఎం.ఐ.టి. అను ప్రఖ్యాత విద్యాలయమున చదివి వచ్చి, 2012లో హైదరాబాదున పరిశ్రమను స్థాపించి, తనవంటి పలువురకు పని కల్పించెను. ఆ యువకునకు తెలివి ముందును ఉన్నది, తరువాతను ఉన్నది. నడుమ చేరినది పుస్తకపు ధ్వనిరూపము మాత్రమే. అది చేరక ఎందరు శ్రీకాంతులు గ్రామములలో అరుగులపై కూర్చుండిపోయిరో లెక్క ఎవరును వ్రాయలేదు.

మరి గ్రామ గ్రంథాలయము చేయదగిన దేమి? ఇందుకు పెద్ద నిధి అక్కరలేదు.

మొదటిది, గడప. మెట్ల ప్రక్కన వాలుబాట యొకటి వేయవలెను. లోనికి రాలేనివారి ఇంటికి వారమున కొకసారి పుస్తకము పోవలెను. పడవలో పుస్తకము పోయిన నేలపై సైకిలుమీద పోలేదా?

రెండవది, చదివి వినిపించుట. బడి పిల్లలును, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులును వారమున ఒక గంట చదివి వినిపింపవచ్చును. ఆ పఠనమును ఫోనులో నెక్కించి దాచిన అదియే ధ్వని పుస్తకము. చదువలేనివారికై లాభాపేక్ష లేక ఇట్లు పుస్తకపు రూపు మార్చుటను 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము అనుమతించినది. ఆ ప్రతులు బజారు సరుకు కాకుండ చూచుకొనవలెను. ఇట్టి ఉద్దేశముతోనే 2013లో మొరాకో దేశపు మరాకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను లోకమున మొట్టమొదట, 2014లో, ధ్రువీకరించిన దేశము భారతదేశమే. 2016లో ప్రారంభమైన 'సుగమ్య పుస్తకాలయ' అను ఇంటర్నెట్టు గ్రంథాలయము చదువలేనివారికి తగిన రూపములలో పుస్తకములను సమకూర్చుచున్నది. మన గ్రంథాలయము ద్వారా గ్రామస్థులకు దానిని పరిచయము చేయవచ్చును.

మూడవది, ఫోను నేర్పుట. టాక్‌బ్యాక్ వాడుకను ఒక యువకుడు నేర్చి నలుగురికి నేర్పిన చాలును. రిజర్వుబ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసిన 'మణి' అను సాధనము కెమెరా ముందుంచిన నోటు విలువను పైకి చెప్పును. ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. సంతలో చిల్లర లెక్క తానే చూచుకొనగలిగిన అంధుని ముఖమున కలుగు ధైర్యమును ఏ సన్మానపత్రమును ఈయలేదు. ఇచ్చట ఒక నియమము తప్పరాదు. నేర్పువాడు నేర్పవలెనే గాని, రహస్య సంఖ్యను తాను వ్రాసిపెట్టరాదు.

నాలుగవది, భాష. బాపట్లలో వినికిడి లేని బాలబాలికలకై ప్రభుత్వ ఆశ్రమ విద్యాలయము కలదు. అచ్చటి ఉపాధ్యాయులను ఆహ్వానించి, నిత్యావసరమైన సంజ్ఞలను ఊరివారు నేర్వవచ్చును. "మందు", "నీరు", "తుపాను", "రమ్ము" అను సంజ్ఞలు దుకాణదారునకును, పొరుగింటివారికిని తెలిసిన, ఒక మనుష్యుని ఒంటరితనము సగము తీరును.

అయిదవది, ఈ సంచిక. రజతోత్సవ సంచికను అచ్చువేయువారు యూనికోడు అక్షరములతో కూర్పించి, ఆ ప్రతిని భద్రపరచి, అడిగినవారి ఫోనునకు పంపవలయును. గ్రంథాలయపు చరిత్రను, గ్రామపు పెద్దల జ్ఞాపకములను, ఈ ఊరి అంధుడును ఊరివారితో పాటు అదేనాడు చదువుకొనవలెను. సభకు వచ్చి చప్పట్లు విని, సంచిక మాత్రము పరుల నడిగి చదివించుకొనుట పండుగనాడు పస్తుండుట వంటిది.

డెల్టా రైతునకు ఒక సంగతి చెప్పనక్కరలేదు. కాలువకు నీరు వదలినారని తూము దగ్గర నిలిచి చెప్పుట సులభము. నీరు పారినదో లేదో తెలియునది శివారు పొలమున. శివారు మడి తడియనంతవరకు కాలువ పని పూర్తియైనదని ఏ రైతును ఒప్పుకొనడు. అక్షరమును అంతే. ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయము తూము నుండి చక్కగా నీరు వదలినది. రాబోవు ఇరువదియైదేండ్లలో శివారు వరకు పారించి, స్వర్ణోత్సవము నాటికి బాకీల పుట తెల్లకాగితమై యుండునట్లు కార్యవర్గమును గ్రామస్థులును పూనుకొందురు గాక.

సెలవు.